బరువు తగ్గించేవాడు

కర్నూలు,
ఆగస్టు 17, 2025.

చెల్లెలు ముబీనాకు,

అన్న అబూబకర్ సలాములు. నీకు, బావకు, చిన్నది సాజియాకు ఆ పైవాడు ఏ లోటూ రానీయకూడదని కోరుకుంటున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. తింటున్నాను, నిద్రపోతున్నాను. నా గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

పైన కర్నూలు అని చూసి ఉలిక్కిపడ్డావేమో. కోయంబత్తూరు వదిలి వచ్చి కొన్నాళ్ళయింది. నీ ఉత్తరం అక్కడి ఇంటికి వెళ్ళి, ఆ ఇంటివాళ్ళు ఇక్కడికి పంపితే ఆలస్యంగా నాకు చేరింది. ఫోను చేద్దామంటే అమ్మ నీ పక్కనే ఉంటుంది. వాట్సాప్‌లో రాస్తే సాజియా, తెలుగు చదవడం కొత్తగా వచ్చిన సంబరంలో, ఇల్లంతా వినబడేట్టు చదివేస్తుంది. అందుకే ఇది నువ్వు పాఠాలు చెప్పే బడి చిరునామాకు పంపుతున్నాను.

నువ్వు అడిగింది ఒక్కటే. పేపర్లో వచ్చినట్టు ఏసుకుమార్ కాలు పోవడానికి కారణం నా కారు డిజైన్‌లో తప్పేనా, కాదా? కాదని ఒక్క మాట రాస్తే అమ్మకు చదివి వినిపిస్తానన్నావు. నా పేరెత్తితే చాలు అమ్మ లేచి వెళ్ళిపోతోందని, గోడ మీది నా ఫోటో తీసి బీరువా మీద బోర్లించిందని రాశావు. విశ్వాసమ్మ నాతో కూడా గనిలో ముగ్గురాయి ఏరిన మనిషి, దాని కొడుకును కుంటోణ్ణి చేసినాడే, వాని మొగం నాకు చూపియ్యొద్దు, ఈడికి రావొద్దని చెప్పు అందట. అమ్మ కోపం మనకు కొత్త కాదు. పొద్దున వచ్చిన కోపం మధ్యాహ్నం అన్నం వేళకు పోయేది. ఈసారి ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, కోపం మాత్రం పోలేదు.

జవాబు రాసే ముందు కాస్త వెనక్కి వెళ్ళనీ. నాన్న మంగంపేటలో ముగ్గురాయి లారీ తోలేవాడు గదా. ఆ రాయి చూడ్డానికి ఇంతే ఉంటుంది, ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. లారీ సగం కూడా నిండినట్టు కనబడదు, కింద టైర్లు మాత్రం అణిగిపోయి ఉంటాయి. గనిలోంచి గట్టెక్కేటప్పుడు ఆ బండి మూలుగు వింటుంటే, దీని మీంచి కాస్త దించేస్తే ఎంత బాగా పోతుందో గదా అనిపించేది. ఆ తర్వాత నేను చదివిన ఇంజనీరింగ్ అంతా ఆ ఒక్క ఆలోచన చుట్టూ తిరిగిందే.

కడప కాలేజీలో మేము మోటారు సైకిల్ ఇంజను పెట్టి చేసిన మొదటి కారు నీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని చూసి నువ్వు నాలుగు చక్రాల మంచం అన్నావు. ఆ మంచాన్ని పోటీలో గెలిపించింది ఏసు. చదువులో వాడు వెనక బెంచీ, స్టీరింగు ముందర కూర్చుంటే వాడికి ఎదురు లేదు. ఇద్దరం కలిసే కోయంబత్తూరులో రేసు కార్ల కంపెనీకి వెళ్ళాం. నేను డిజైన్ ఆఫీసులో గీతలు దిద్దే పనితో మొదలుపెట్టి, మొత్తం కారు నా చేత గీయించే దాకా వచ్చాను. నేను గీసిన కారును వాడు నడిపాడు. వరసగా మూడేళ్ళు కప్పు మాదే. పత్రికలవాళ్ళు వచ్చి రహస్యం చెప్పమని అడిగేవాళ్ళు. రహస్యమేం లేదు, బండి మీంచి బరువు తీసేశాను, అంతే. రెండో పూత రంగు వేశాడని పెయింటరుతో కొట్లాడినవాణ్ణి. ఏసును జుట్టు కత్తిరించుకోమన్నవాణ్ణి. మీ వానికి నా పానం కంటే నా జుట్టు బరువు శానా ఎక్కువమ్మా అని వాడు ఫోనులో అమ్మకు చాడీలు చెప్తే, అమ్మ నవ్వి నన్ను తిట్టింది.

ఏప్రిల్‌లో జరిగిన రేసు సంగతి మీరు టీవీలో చూశారు. మలుపు దగ్గర బ్రేకు పడలేదు. కారు నేరుగా వెళ్ళి గోడకు కొట్టుకుంది. నా చేతిలో టీ గ్లాసు ఉంది. ఉన్న టీ అంతా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, అప్పుడు పరుగెత్తాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు. ఆ రోజు నుంచి నాకు ఏదీ సరిగ్గా తగలడం లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తారే, ఒళ్ళంతా అలా ఉంది. వాడి కాలు మోకాలి కింద తీసేస్తున్నామని డాక్టరు చెప్తే, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను.

విచారణలో నేనే చెప్పాను. బరువు తగ్గించాలన్న ఆశతో బ్రేకు పెడల్ రేకును పలచబరిచాను, ఏసు గట్టిగా తొక్కితే అది వంగిపోయింది, తప్పు నాది అని. వాళ్ళు నమ్మారు. ఉద్యోగం వదిలేశాను. మిగతా కార్లకు మందం పెడల్ వేశారట, బండ్లు రవ్వంత నెమ్మదించాయట. ఎవరికీ నష్టం లేదు.

ఏసు ఇప్పుడు నందికొట్కూరులో వాళ్ళ మేనమామ ఇంట్లో ఉన్నాడు. పెట్టుడు కాలుతో నడక నేర్పడానికి వారంవారం వాణ్ణి కర్నూలు ఆసుపత్రికి తీసుకురావాలి. ఆ పని నేను చేస్తున్నాను. పొద్దున బస్సులో వెళ్తాను, వాణ్ణి ఆటోలో తీసుకొస్తాను, మళ్ళీ దిగబెడతాను. మొదటి రోజు గడప దగ్గరే నిలబడిపోయాను. విశ్వాసమ్మత్త చూసి, ఏమప్పా, ఆడనే నిలబడుకోనుండావే, లోపలికి రా, ఎంత సన్నబడినావు, తింటాండావా లేదా అని చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. నీ చేతి తప్పును దేవుడు ఎప్పుడో క్షమించినాడు, చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తాండా అంది. నేను తలొంచుకుని రొట్టె తిన్నాను. కాలు పోయినవాడి తల్లి అన్నం పెడుతోంది. కన్నతల్లి మొహం చూడనంటోంది. నవ్వొచ్చే సంగతే, కానీ నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది ముబీనా. అమ్మ గొంతు వినాలని ఉంది. తిట్టినా సరే. అయినా నువ్వడిగిన ‘కాదు’ అన్న మాట నేను రాయలేను. తప్పు నాదేనని ఒప్పుకున్నాడని చెప్పు. మాత్రలు వేళకు వేసుకుంటోందో లేదో చూస్తుండు. నాకోసం ఆమెతో వాదించకు.

నీ అన్న,
అబూబకర్

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఒక్కరికైనా చెప్పకపోతే నావల్ల కాదు. ఈ ముక్క చదివి చించెయ్.

నా డిజైన్‌లో తప్పు లేదు. నలిగిన కారును మొదట విప్పింది నేనే. బ్రేకు పెడల్ వెనక రాగి తాయెత్తు ఇరుక్కుని ఉంది. నిరుడు కోయంబత్తూరు వచ్చినప్పుడు అమ్మ కడప దర్గా నుంచి తెచ్చి, నాకు తెలియకుండా, బండిలో కట్టుకోమని ఏసుకు ఇచ్చిందట, తర్వాత ఆసుపత్రిలో వాడే చెప్పాడు. నేను అంత బరువు కూడా ఒప్పుకోనని ఇద్దరికీ తెలుసు. తనిఖీ వాళ్ళు చూసి వెళ్ళాక వాడు దాన్ని స్టీరింగు కింది కడ్డీకి కట్టుకునేవాడు. ఆ రోజు దారం తెగి జారింది, పెడల్ దిగలేదు. నేను తాయెత్తు తీసి జేబులో వేసుకున్నాను. గోడకు కొట్టుకున్నప్పుడు పెడల్ రేకు ఎలాగూ వంగింది గనక, విచారణలో నా మాట చెల్లింది. అమ్మ నా మీద కోపంతో బతకగలదు. తన మీద కోపంతో బతకలేదు.

అది పెడల్‌కు అడ్డుపడిందని ఏసుకూ తెలియదు. ఆ తాయెత్తే తన ప్రాణం కాపాడిందని వాడి నమ్మకం. అమ్మ నమ్మకమూ అదే గదా, నా కొడుకు బండి చంపబోతే దర్గా స్వామి అడ్డం పడినాడని అందరికీ చెప్తోందని నువ్వే రాశావు. అది యాడన్నా దొరికిందాప్పా అని నేను వెళ్ళిన ప్రతిసారీ వాడు అడిగేవాడు. నిన్న ఇచ్చేశాను. ఒక పక్క చప్పిడిగా నొక్కుకుపోయి ఉంది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, చూడప్పా, నాకు తగలాల్సిన దెబ్బ ఇది తీసుకునింది అని కళ్ళకద్దుకున్నాడు. మెడలో కట్టమన్నాడు. నేనే ముడి వేశాను.

తాయెత్తు దొరికిందని అమ్మకు చెప్పు, సంతోషిస్తుంది. ఎక్కడ దొరికిందని అడిగితే, సీటు కింద అని చెప్పు.