చోవా చూ కాంగ్ బెండహారా

15 అక్టోబర్ 2000, ఆదివారం

మా చోవా చూ కాంగ్ ఫ్లాట్ గుమ్మం ముందు చెప్పుల గుట్ట. పక్క ఫ్లాట్ మలయ్ ఆంటీ ఇవాళ మీ ఇంట్లో కెందురీయా, విందా అని అడిగింది. కాదు ఆంటీ, మా ఆయన గోపీ ఆఫీసు టీమ్, ప్రతి ఆదివారం ఉండే మేళమే అన్నాను. నూకరాజు గుత్తివంకాయ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు. నీ చేతి అన్నం లేకపోతే నేనెప్పుడో భీమిలి పారిపోయేవాణ్ణి వదినా అన్నాడు. వాడి మాటలకేం, తియ్యగానే ఉంటాయి.

ఇవాళ అసలు సంగతి వేరే. గోపీ కంపెనీని లండన్ వాళ్ళు కొన్నారు. ఆసియాకి హెడ్ గోపీయే. ఆ లండన్ కంపెనీ తెల్లవాళ్ళిద్దరూ మొదట్లో చెరో సూట్‌కేస్‌తో దిగినప్పుడు పాయా లేబర్ ఏరియాలో ఉన్న ఆఫీసులో తన టేబుల్ ఇచ్చాడు, ఊరంతా తిప్పి క్లయింట్లని చూపించాడు. వాళ్ళకి కడుపు చెడితే నేను పెరుగన్నం కలిపి పంపాను.

నాకు వెంటనే నా థీసిస్‌లో మనిషి గుర్తొచ్చాడు. నీనా చాతు. మన కోస్తా వైపు నుంచి మలక్కా వెళ్ళి స్థిరపడ్డ హిందూ వర్తకుడు. అక్కడి సుల్తాను పోర్చుగీసువాళ్ళని ఖైదులో పెడితే, ఈయన వాళ్ళని ఆదుకున్నాడు. 1511లో వాళ్ళు ఊరు పట్టుకున్నాక ఈయన్ని బెండహారా చేశారు, అంటే మనవాళ్ళందరికీ పెద్ద. గరిటె చేత్తో పట్టుకునే కథంతా చెప్పి, గోపీకి దణ్ణం పెట్టి, బెండహారా గారూ, సాంబారు వెయ్యనా అన్నాను. అందరూ ఒకటే నవ్వు.

ఆయన చివరికేమయ్యాడని ఎవరో అడిగారు. అదీ చెప్పాను.

2 నవంబర్

ప్రొఫెసర్ గారు అధ్యాయం వెనక్కిచ్చారు. నీనా చాతు ద్రోహియా, మంచివాడా తేల్చమన్నారు. అవకాశవాది అని రాసిపారేశాను.

9 ఫిబ్రవరి 2001

గోపీ వాళ్ళలాంటి డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్నాయి. ఎవరెవరిని తీసెయ్యాలో పేర్లు చెప్పమని లండన్ నుంచి గోపీకి ఫోన్. అన్నం కెలికి లేచిపోయాడు.

12 ఫిబ్రవరి

పేర్లు ఇచ్చేశాడట. మొదటి పేరు నూకరాజుది. తర్వాత పేర్లూ మా ఆదివారం భోజనాల వాళ్ళవే.

ఎందుకూ అంటే, మనవాళ్ళని మిగిల్చుకుంటే తెలుగువాడు తెలుగువాళ్ళని కాపాడాడంటారు, మనవాళ్ళని ముందు పెడితే నన్నెవడూ వేలెత్తి చూపించలేడు అన్నాడు. ఎంత గొప్పగా చెప్పాడో! అలాంటప్పుడు నువ్వు మనవాళ్ళకి పెద్దవాడివెలా అయ్యావు అన్నాను. ఆఫీసు విషయాలు నీకు తెలీవు అన్నాడు. ఒళ్ళు మండింది.

18 ఫిబ్రవరి, ఆదివారం

ఎవరూ రాలేదు. పప్పు పారబోశాను.

6 మార్చి

గోపీని తీసేశారు. ఆ కుర్చీ హాంకాంగ్‌లో ఎవరికో ఇచ్చారు. ఫోన్ చేసినతను నా పెరుగన్నం తిన్నవాడే. వాతావరణం ఎలా ఉందని కూడా అడిగాడట.

నీనా చాతుని కూడా ఇలాగే తీసేశారు. పదవి పొరుగు రాజ్యం కంపర్ రాజుకిచ్చారు.

8 మార్చి

గోపీ టీవీ చూస్తూ, మీ మలక్కా ఆయన ఆ రోజు ఏం బట్టలు వేసుకున్నాడు అని అడిగాడు.

గుర్తులేదన్నాను. ఎందుకు గుర్తులేదు! జరీ బట్టలు. వేదిక కట్టించి, పూలతో అలంకరించి, పక్కన గంధపు చెక్కలతో మంట వేయించాడు. తను పోర్చుగీసువాళ్ళకి చేసిందంతా ఊరివాళ్ళ ముందు చెప్పి, ఆ మంటలోకి నడిచాడు. భోజనాల రోజు ఇది చెప్పింది నేనే. నవ్వుతూ చెప్పాను.

మాది పదకొండో అంతస్తు. భయమేస్తోంది.

10 మార్చి, శనివారం

రేపు అందరినీ భోజనానికి పిలిచానన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, నాకేం జబ్బు అన్నాడు. పెళ్ళినాటి పట్టుపంచె తీసి ఇస్త్రీ చేస్తున్నాడు. లిటిల్ ఇండియా వెళ్ళి బంతిపూలు తెచ్చాడు. కిటికీ పక్కన దండలు కట్టాడు. బట్టలారేసే వెదురుకర్రలు బయటికి పెట్టడానికి ఆ కిటికీ గ్రిల్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, తాళం చెవితో సహా దానికే వేలాడుతుంటుంది.

నూకరాజుకి ఫోన్ చేశాను. ఉద్యోగంతో పాటే వాడి వర్క్ పాస్ రద్దయింది, రేపు సాయంత్రం ఇండియా ఫ్లైట్. వాణ్ణి పిలిచే మొహం నాకు లేదు. అయినా సంగతంతా చెప్పి రమ్మన్నాను. వంకాయ వండు వదినా అన్నాడు.

11 మార్చి, ఆదివారం

నూకరాజు ఒక్కడే వచ్చాడు, పెట్టెతో సహా.

గోపీ పట్టుపంచె కట్టుకుని పూల ముందు నిలబడ్డాడు. ఖాళీ కంచాలకి చెప్తున్నట్టు మొదలుపెట్టాడు. ఇచ్చిన టేబుల్, తెచ్చిన క్లయింట్లు, ఆఖరికి నా పెరుగన్నంతో సహా. నూకరాజు కూర్చోలేదు. మెల్లగా వెళ్ళి కిటికీకి వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

అంతా విని, అన్నా, మొదటి పేరు నాదే ఎందుకు పెట్టావ్ అని అడిగాడు. అరవలేదు. గోపీ పట్టుపంచెతోనే నేలమీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాడు మాత్రం కూర్చుని గుత్తివంకాయతో తృప్తిగా తిన్నాడు. వెళ్ళొస్తా వదినా అన్నాడు. పెట్టె తీసుకుని గోపీ పక్కనుంచే వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక చూశాను. గ్రిల్ మూసి తాళం వేసి ఉంది. తాళంచెవి లేదు.

15 మార్చి

నూకరాజు భీమిలి నుంచి ఫోన్ చేశాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది, అన్న కుదుటపడితే చెప్పు వదినా, కొరియర్ చేస్తాను అన్నాడు. ఇప్పుడొద్దన్నాను.

తడిబట్టలు కుర్చీల మీదే ఆరుతున్నాయి.

గోపీ పొద్దుట్నుంచీ ఇల్లంతా ఏదో వెతుకుతున్నాడు. ఏంటని నేను అడగలేదు.