గుమ్మం కాడి నలుపు

అక్కకు,

నీ తమ్ముడు లింగం చేతులెత్తి మొక్కి రాస్తున్న. నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నరనుకుంటున్న. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకు. నాంపల్లిల కిరాయి రూమే, అబిడ్స్‌ల టీవీల దుకాణంల పనే. ఇక్కడ ఒకటే ముసురు. హోటల్ కూర నోటికి పోతలేదు, జర నువ్వు దంచిన కారం పంపు.

ఇది ఫోన్ల చెప్పుదామంటే మాట రాలే, అందుకే రాస్తున్న.

మొన్న దుకాణపోళ్లు నన్ను ఒక ముసలమ్మ ఇంటికి పంపిన్రు. ఒక్కతే ఉంటది. పెనిమిటి పోయి ఏడాదాయె. ఆంధ్ర దిక్కు మాట.

"బాబూ, మా గృహప్రవేశం వీడియోలో ఆయన ముఖం కనపడట్లేదు. వీడియోలన్నీ ఆయనే తీసేవారు, అందుకే ఎందులోనూ ఉండరు. దీంట్లోనే గుమ్మం దగ్గర నిలబడ్డారు" అన్నది.

చూసిన. గుమ్మం కాడ నల్లగ ఒక మనిషి. పొద్దుగాల లేస్తే ఆయనతోనే మాట్లాడుతదంట.

టీవీల గామా అని ఒకటుంటది అక్కా. నలుపుల ఉన్నది ఎంత కనవడాల్నో దాంతోని సరిజేస్తం. ఆ టీవీల అది తప్పు పెట్టి ఉండె, నీడలన్ని బొగ్గు లెక్క. మెల్లగ సరిజేసిన. ముందుగాల గోడ తేలింది, తర్వాత తలుపు రెక్క. ఆమె కుర్చీలకెల్లి లేసి దగ్గరికొచ్చింది. ఇంక జర సరిజేసిన.

మనిషి లేడు. మేకుకు తగిలిచ్చిన కోటు, దాని మీద టోపీ.

ఆమె వంగి చూసింది.

"అయితే ఇది కూడా ఆయనే తీశారన్నమాట" అన్నది మెల్లగ. మల్ల కుర్చీల కూసోని, "ముందున్నట్టే పెట్టెయ్ బాబూ."

"అది తప్పు సెట్టింగ్ అమ్మా."

"తెలుసు. పెట్టెయ్."

పెట్టిన. గోడ మునిగింది, తలుపు మునిగింది. ఆయన మల్ల నిలబడ్డడు. కోటు అని తెలిసి గూడ నాకు మనిషే కనవడ్డడు అక్కా, మా దిక్కే చూసుకుంట. సామాను సదురుకొని లేసినంక, ఎందుకో టీవీ దిక్కు తిరిగి "పోయొస్త సార్" అన్న.

ఆమె నవ్వలే. "మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని దిగమంటున్నారు" అన్నది.

గప్పటి సంది టీవీ బొమ్మల నల్ల మూలలు చూడబుద్ధైతలేదు. నువ్వు మాత్రం భయపడకు, తింటున్న, పంటున్న. బావకు, పెద్దోళ్లకు దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నా నెత్తి మీద నీ చెయ్యి ఉండాలె.

నీ తమ్ముడు,
లింగం