గాలి లేని చోటు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. లింబాయత్‌లో మన మరమగ్గాల కార్ఖానాలో నీ మగ్గం మీద ఇప్పుడు ఒక ఒడియా అతను పనిచేస్తున్నాడు. నిన్ను ఎన్నడూ చూడలేదు, తెలుగు ముక్క రాదు.

సినిమాల్లో అంతరిక్ష నౌకలు ధడేల్‌మని పేలితే నీకు ఎక్కడలేని కోపం వచ్చేది. "గాలే లేని కాడ సప్పుడేందిరా? ఆడ గూడ మన లెక్క పెదవులతోనే మాట్లాడుకోవాలె," అనేవాడివి. మగ్గాల మోతలో మనం మాట్లాడుకున్నదంతా అలాగే కదా.

ఈ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మెల్లగా మాట్లాడినా వినపడేంత నిశ్శబ్దం. అయినా ఆ ఒడియా అతను నా వైపు తిరిగి, గొంతు లేకుండా, అచ్చం నీలాగే పెదవులు మాత్రమే కదిపాడు.

"తమ్మీ, చాయ్ తాగినవా?"

"లేదన్నా, నువ్వొస్తవని ఆగిన," అన్నాను, పెదవులతోనే.