హీటరు పక్క కుర్చీ, అబ్రాహాము బేరం

అక్టోబరు 18, మంగళవారం
నిన్న పండుగలో మా ధర్మగ్రంథం తోరా ఆఖరి పాఠం ముగించి, ఊపిరైనా పీల్చుకోకుండా మళ్లీ మొదటి పాఠం ఎత్తుకున్నాం. గ్రంథపు చుట్టను భుజాన పెట్టుకుని గంతులేశాను. మోకాలు మొరాయిస్తోంది. అయినా ఏం హుషారు!

తీర్మానం: వారానికో పాఠం, పాఠానికో బుద్ధి. చదవడం కాదు, ఆచరణ!

మందిరంలో నా వెనక కూర్చునే రహమీమ్ నవ్వాడు. “ఒరే మఖ్లూఫ్, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపావు. ఒక్కసారైనా టైముకొచ్చావా? మొదటి పుస్తకం ఆదికాండం అయ్యేలోగా ఒక్క వారం తప్పావో, హీటరు పక్కనున్న నీ కుర్చీ నాది. గుమ్మం పక్క బల్ల నీది.”

“సరే!” అన్నాను. యెరూషలేము చలికి ఆ కుర్చీ కోసం సొంత తమ్ముడితోనైనా మాటలు మానేస్తారు.

అక్టోబరు 20
దేవుడు తాను చేసిందల్లా చూసి బాగుందన్నాడు. నేనూ అన్నాను. చారు బాగుంది. వీధిలో తవ్విన గొయ్యి బాగుంది. పళ్ల డాక్టరు బాగున్నాడు. మా ఆవిడ జోహారా నా నుదురు పట్టుకు చూసింది. “జ్వరమేమీ లేదే!”

అక్టోబరు 26
ప్రళయానికి ముందు జంతువులను జతలుగా ఓడెక్కించిన నోవహు వారం. సందులో పిల్లులను జతలు జతలుగా పిలిచాను. అవి లెక్క చూసుకోకుండా అన్నీ ఇంట్లోకి వచ్చేశాయి. వానే లేదు, ఇంట్లో ప్రళయం!

జోహారా: “నోవహు పెళ్లాం పేరెందుకు రాయలేదో ఇప్పుడర్థమైంది. ఆవిడ పుట్టింటికి పోయుంటుంది.”

నవంబరు 3
నీ ఊరు విడిచి వెళ్లమని అబ్రాహాముకు ఆజ్ఞ. వీధి చివర బెంచీదాకా వెళ్లాను. ఎంత దూరమో దేవుడు చెప్పలేదు కదా! పైగా మా నాన్న మొరాకో నుంచి వచ్చాడు. ఆ ప్రయాణం మా వంశానికి చాలదా? చెల్లుతుంది.

నవంబరు 13
అబ్రాహాము దారిన పోయేవాళ్లను భోజనానికి పిలిచాడు. నేనూ శుక్రవారం పొద్దున బజారులో కనిపించినవాళ్లందరినీ పిలిచాను. వస్తామన్నారు!

జోహారా చేతులు కడుక్కుని కూర్చుంది. “అబ్రాహాము దూడ కోసం తనే పరుగెత్తాడు. పరుగెత్తండి.”

“ఆయన పెళ్లాం శారా రొట్టెలు చేసింది కదే!”

“అవిగో రొట్టెలు.”

పొద్దు వాలితే విశ్రాంతిదినం, పొయ్యి ముట్టించకూడదు; ఆలోపే చేపలు మాడ్చాను. రాత్రి అందరూ తిన్నారు, పాడారు. తినబుద్ధికాక నేనే ఎక్కువ పాడాను.

నవంబరు 17
శారా సమాధి స్థలానికి అడిగిన వెల అడిగినట్టే ఇచ్చాడు అబ్రాహాము. బుద్ధి: బేరమాడకు.

టమాటాలకు నోరెత్తకుండా ఇచ్చేశాను. కొట్టువాడు బెదిరాడు. “తాతా, ఇంట్లో అందరూ క్షేమమేనా?”

“క్షేమమే.”

“మరి నామీద కోపమా?”

తర్వాత ఆలివ్ కొట్టు. ధర విన్నాను. నోరు దానంతటదే తెరుచుకుంది. “ఇంతకంటే దారి దోపిడీ నయం కదయ్యా!” ఆ పైన పావుగంట స్వర్గం! సగానికి దించాను. విజయగర్వంతో వెనక్కి తిరిగాను. రహమీమ్! చేతిలో సంచీ, మొహంలో పండుగ.

“కుర్చీ మెత్తగానే ఉంటుందా, మఖ్లూఫ్?”

నవంబరు 24
గుమ్మం గాలి వెన్నులో కాపురం పెట్టింది. ఈ వారం ఏశావు ఆకలికి ఆగలేక, గిన్నెడు పప్పుకు పెద్దకొడుకు హక్కును తమ్ముడు యాకోబుకు అమ్మేశాడు. ఆహా! ఎర్రపప్పు, జీలకర్ర, నిమ్మకాయ. నేనే వండి రహమీమ్ ఇంటికి మోసుకెళ్లాను. మూడు గిన్నెలు లాగించి మూతి తుడుచుకున్నాడు.

“ఏశావుకు హీటరు లేదురా. ఉంటే అమ్మేవాడా? గిన్నె తీసుకెళ్లు.”

నవంబరు 27, ఆదివారం
కొత్త పాఠం! యాకోబు ఇల్లు వదిలి, రాయి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. లేచి, ఈ చోట దేవుడున్నాడు, నాకే తెలియలేదన్నాడు.

తీర్మానం మళ్లీ మొదలు. ఈసారి ఖాయం! మొదటి బుద్ధి: కూర్చున్న చోటే సంతోషం. గుమ్మం పక్కనా దేవుడు ఉండే ఉంటాడు. శనివారం ఒకదానిమీద ఒకటి రెండు కోట్లు తొడుక్కెళ్లి చూస్తాను.