కుంకుమ కింద రింగు మచ్చ

శుక్రవారం, ధవళేశ్వరం

గోదాట్లో చేపలు పట్టే సత్తిబాబు ఇంట్లో పూజలో ఉన్న రాజు బొమ్మ బిళ్ల అరుదైన నాణెమని, లక్షలు పలుకుతుందని నెల క్రితం చెప్పింది నేనే. పాత నాణేలు తెలిసినవాడినని ఊళ్లో నాకో పేరు. అతని భార్య రోజూ పెట్టే పసుపు కుంకుమ దాని మీద మందంగా పేరుకుపోయింది. పూజలోది తుడవమనడానికి నాకు నోరు రాలేదు.

ఈరోజు దాన్ని రాజమండ్రి తీసుకెళ్లి నాణేల వ్యాపారికి చూపించాను. ఆయన తడిగుడ్డతో తుడిచేశారు. పై అంచున రింగు ఊడిన మచ్చ బయటపడింది.

"ఇది నాణెం కాదండి. దీని మీద ఇన్ని రూపాయలని విలువ ఎక్కడా రాసి లేదు చూడండి. పట్టాభిషేకానికి గుర్తుగా పంచిన పతకం. వెండి కూడా కాదు, మూడు నాలుగొందలొస్తే గొప్ప."

ఇంటికొచ్చేసరికి సత్తిబాబు ఫోన్.

"మాస్టారూ, పడవ అమ్మేశానండి. ఆ డబ్బుకి నాణెం డబ్బు కలిపి ఇంజను బోటు కొంటానండి. అంతా మీ మాట మీదేనండి."

"మంచిదోయ్" అన్నాను. ఎందుకన్నాను?

పొద్దున్నే వస్తాడు. నిజం చెప్పాలి. చెబితే...

బిళ్ల నా బల్ల మీదే ఉంది. మచ్చ కనపడకుండా ఇందాక దాని మీద కుంకుమ పెట్టింది నేనే.