ముప్పై తొమ్మిది పళ్ళు

ఏవండీ,

పప్పు కడిగే బేసిన్‌లో జీపు సామాను నానబెట్టొద్దని పొద్దున్న అంత గొడవపడ్డాం, అయినా అలాగే వదిలేసి వెళ్ళారు. విసుగొచ్చి నేనే అన్నీ తుడిచి వసారాలో పెట్టాను. కిరసనాయిలు వాసన పోలేదు, వేరే బేసిన్ తెండి.

వెనక యాక్సిల్ బిగించకండి. తుడుస్తూ లెక్కపెట్టాను. మీరు రాజమండ్రిలో దానికని కొన్న క్రౌన్ చక్రానికి ముప్పై తొమ్మిది పళ్ళు. ముందు యాక్సిల్‌దానికి నలభై మూడని షెడ్డు గోడమీద మీరే రాసుకున్నారు. రెండూ కలవకుండా ఫోర్‌వీల్ వేసి నాలుగు చక్రాలూ ఒకేసారి తిప్పితే గేర్లు విరుగుతాయి. రేపే మార్చుకు రండి.

లావణ్యని ట్యూషన్ నుంచి తీసుకొస్తాను.

అసలు సంగతి మరిచాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్యగారు "ఆ తుక్కు జీపు అమ్మేద్దామమ్మా" అన్నారు. మూడు నెలలుగా దాన్ని తప్పుకుని నడుస్తున్నాను, నాకూ ఓపిక లేదు. అయినా పులుసు వడ్డిస్తూ, "అమ్మొద్దండి, ఆదివారానికి నడుస్తుంది" అని చెప్పేశాను.