వడ్డించినవాడికో కుర్చీ

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ ఉండటం నా వల్ల కాదు, తిరుగు టిక్కెట్టు తీయించమని పోయినవారం రాశాను. తీయించకండి. ఈపాటికే తీయించి ఉంటే రద్దు చేయించండి.

మీ చెల్లెలు పోయాక, నలుగురికీ పనికొచ్చే పని చూసుకోమని నన్ను ఈ దేశం పంపింది మీరే. ఈ అనాథాశ్రమంలో నాది మధ్యాహ్నం వడ్డన. పిల్లలు ముప్పైమంది. మొదటిరోజు అందరికీ వడ్డించి, గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఒక్కరూ చెంచా ముట్టలేదు. ఎంత బతిమాలినా నా ముఖం చూసి కిసుక్కున నవ్వారంతే. వంటావిడ వచ్చి తన కంచం ముందు కూర్చున్నాకే తిన్నారు. మూడు రోజులు ఇదే తంతు. నేను వాళ్లకు గిట్టలేదనుకుని మీకా ఉత్తరం రాశాను.

నాలుగోరోజు ఒక ఏడేళ్ల పెత్తందారు పిల్ల కుర్చీ ఈడ్చుకొచ్చి నా వెనక వేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో దబాయించింది.

"కూర్చో తాతా! వడ్డించినవాళ్లు నిలబడితే మేమెలా తింటాం? నీ బదులు వంటావిడ వచ్చి కూర్చునేదాకా ఆగి, నీ మూలంగా రోజూ చల్లారిందే తింటున్నాం!"

కూర్చున్నాను. ముప్పై చెంచాలూ ఒక్కసారే మోగాయి. అప్పటినుంచి ఆ పిల్ల నా పక్కనే తింటుంది, నా కంచంలో మిగిలితే ఊరుకోదు.

మీ చెల్లెలు ముప్పైరెండేళ్లు నిలబడే నాకు వడ్డించింది. నేను ఒక్కసారీ కుర్చీ జరపలేదు.

ఈ ఉత్తరం అన్నయ్యగారికి భోజనాలవేళ చదివి వినిపించండి. మీరు కూర్చుని.

మీ మరిది